పది అని రాసిన పద్దెనిమిది మంది

బంటుపేట,
శ్రీకూర్మం దగ్గర,
12-11-1967

బావా,

నీ చెల్లెలు నారాయణమ్మకి జ్వరం తగ్గింది. నిన్న నేనే చారు కాచి పథ్యం పెట్టాను. ఆ చారు తాగి జ్వరమే పారిపోయిందని వీధిలో అందరికీ చెబుతోంది. ఇంటి సంగతులు ఇంతే, ఇక నా గోడు విను.

మా హైస్కూలుకి సైన్సు మాస్టారిని వేస్తామని రెండేళ్ళ నుంచీ చెబుతున్నారు. ఆ మహానుభావుడు ఇంకా దారిలోనే ఉన్నాడు. ఈలోగా మా ఊరి మొదటి ఎస్.ఎస్.ఎల్.సి. బ్యాచ్ నెత్తి మీదికొచ్చింది. మొత్తం పంతొమ్మిది మంది. పద్దెనిమిది మంది రైతుల పిల్లలు, ఒకతె సముద్రపు ఒడ్డున పాలెంలో నూకయ్య కూతురు దాలమ్మ. పాలెం నుంచి ఇంతవరకు చదువుకొచ్చిన ఆడపిల్ల అదొక్కతే. నేను లెక్కలకీ చరిత్రకీ వచ్చినవాణ్ణని హెడ్మాస్టరుకి తెలియక కాదు, “లెక్కలు చెప్పేవాడివి, పరమాణువులు లెక్కపెట్టలేవా” అని సైన్సు కూడా నాకే అంటగట్టాడు.

వచ్చిన పాఠ్యపుస్తకాలు రెండు. అవి కూడా వానలో తడిసి, సరిగ్గా పరమాణువు పాఠం దగ్గరే అట్ట కట్టేశాయి. ఏం చెప్పాలా అని తల పట్టుకుంటే ఇంటర్లో హాస్టల్ గదిలో నువ్వు నాకు చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. నవగ్రహాల మండపం తలుచుకోమన్నావు. నడుమ సూర్యుడు, చుట్టూ ఎనిమిది మంది, అదే ఆక్సిజన్, దాని నంబరు ఎనిమిది అన్నావు. నేనూ అదే చెప్పాను. ఆదివారం వస్తే అరసవల్లి నడిచిపోయే ఊరు మాది. సూర్యుణ్ణి నడుమ పెడితే వీళ్ళకి వేరే చెప్పాలా? ఒక్క పూటలో పట్టేశారు. నడుమ ఉన్నవాడు ఒక్కడే కాబట్టి లెక్కలోకి రాడు, చుట్టూ తిరిగేవాళ్ళ లెక్కే పరమాణు సంఖ్య అని పద్దెనిమిది మందీ పాట పాడినట్టు అప్పజెబుతున్నారు.

దాలమ్మ ఒక్కతె లేచి నిలబడింది. “నడుమనున్నోడు ఒక్కడేనేటి మాస్టారూ? ఒక్కడే అయితే అంతమందినీ ఎలాగ పట్టుకున్నాడు?” అంది. సూర్యుడు ఒక్కడే కదా, కూర్చో అన్నాను. కూర్చుంది గాని ఒప్పుకున్నట్టు లేదు. అప్పట్నుంచీ నాకూ ఎక్కడో పీకుతోంది. నువ్వు సైన్సు చదివి బడిలో అదే చెబుతున్నవాడివి. నేను చెప్పింది ఒప్పా తప్పా, ఒక్క ముక్క రాసి పంపు. తప్పయితే మొహమాటపడకు. రేపు పరీక్షలో పిల్లల నెత్తి మీదికి రాకూడదు.

నీ బావ,
జగన్నాధం

*

విజయనగరం,
25-11-1967

బావా,

నీ ఉత్తరం చదివి మీ అక్కయ్యా నేనూ పడి పడి నవ్వుకున్నాం. ఆ నవగ్రహాలు ఇంకా నీ బుర్రలో తిరుగుతూనే ఉన్నాయన్నమాట.

నువ్వు చెప్పింది సరిగ్గా సరిపోతుంది. పరమాణు సంఖ్య అంటే చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ల లెక్కే. పదకొండు తిరిగితే సోడియం, పది తిరిగితే నియాన్. లోపలి గొడవ బంటుపేట పిల్లలకెందుకు? పట్టుమని పదిమంది పాసయితే నీకు ఊళ్ళో సన్మానం చేస్తారు. ఎక్కువ చెబితే ఉన్నది కూడా మరిచిపోతారు. ఇదే మాట బట్టీ పట్టించు.

ఆ పాలెం పిల్ల సంగతి మాత్రం నవ్వొచ్చింది. వల అల్లుకునే ఇంట్లో ఎవరు ఎవర్ని పట్టుకున్నారో ఆరా ఎందుకో. అలాంటి ప్రశ్నలకి జవాబు చెబుతూ కూర్చుంటే సిలబస్ సాగదు బావా, కూర్చోబెట్టేయడమే.

నారాయణమ్మని సంక్రాంతి లోపు ఒకసారి పంపు. ఈసారి నాకు పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే పని ఎక్కువగా ఇస్తారట. పై ఏడు చీఫ్ ఎగ్జామినర్ని చేస్తారని కూడా వినికిడి. ఇప్పుడే ఎవరితోనూ అనకు.

నీ
గణపతిరావు

*

విజయనగరం,
9-5-1968

బావా,

ఎండలు మండిపోతున్నాయి. ఇంటి నిండా పేపర్ల కట్టలు, తడి తువ్వాలు నెత్తిన వేసుకుని దిద్దుతున్నాను. ఈ విసుగులో ఒక వినోదం దొరికింది, నీకు చెప్పకుండా ఉండలేను. బయటికి పొక్కనివ్వకు.

ఒక సోడియం పరమాణువు ఒక ఎలక్ట్రానును పోగొట్టుకుంది, దాని పరమాణు సంఖ్య ఎంత, కారణం రాయండి అని ప్రశ్న. ఒక కట్టలో వరసగా పద్దెనిమిది మంది ఒకే జవాబు రాశారు. ఒక్క అక్షరం తేడా లేదు. “పది. ఏలననగా చుట్టూ తిరుగునవి పది. నడుమనున్నది సూర్యునివలె ఒక్కటే కనుక లెక్కలోనికి రాదు. సోడియం నియాన్ అయిపోయినది.” కింద గుండ్రాలు గీసి నడుమ సూర్యుడి బొమ్మ, కొందరు మీసాలు కూడా పెట్టారు. ఎంత నవ్వుకున్నానో. లోపల కేంద్రకంలో ప్రోటాన్లు పదకొండు ఉన్నాయి, వాటి లెక్కే పరమాణు సంఖ్య. పక్కన ఉన్న పన్నెండు న్యూట్రాన్లు బరువుకే గాని నంబరుకి కాదు. బయట ఎలక్ట్రాను ఒకటి పోతే విద్యుదావేశం మారుతుంది, పేరు మారదు. మన నౌపడా ఉప్పులో ఉన్నది అలా ఒకటి పోగొట్టుకున్న సోడియమే. వీళ్ళ లెక్కన రోజూ కూరలో నియాన్ వేసుకుంటున్నామన్నమాట.

ఆ వరసలోనే ఇంకొకరు మాత్రం పదకొండు అని రాశారు. కారణం కూడా విను. “లోపల పదకొండు లేకపోతే బయటి పదకొండింటినీ ఇన్నాళ్ళు ఎలా పట్టి ఉంచింది? పోయినది బయటిది. కాబట్టి నంబరు పదకొండే.” పుస్తకం మాట కాదు గాని ఒప్పే. పూర్తి మార్కులు వేశాను.

పద్దెనిమిది మంది ఒకే తప్పు రాశారంటే ఎవడో చీటీ అందించాడన్నమాట. గుంపు కాపీ అని రిపోర్టు పంపేశాను. వరస తెగకూడదని ఆ పదకొండు రాసిన నంబరు కూడా కలిపే రాశాను. పైవాళ్ళకి నా నిక్కచ్చితనం నచ్చిందని కబురొచ్చింది.

మామిడిపళ్ళు పంపిస్తాను. చెల్లెల్ని అడిగానని చెప్పు.

గణపతిరావు

*

బంటుపేట,
13-5-1968

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుతూనే మొదలుపెట్టాను.

ఆ పద్దెనిమిది మందీ నా పిల్లలు. అసిరయ్య కొడుకు రాముడు ఉన్నాడు అందులో, సూర్యుడికి మీసాలు పెట్టేది వాడే. పదకొండు రాసింది దాలమ్మ. ఎవరూ చీటీ అందించలేదు. నవంబరు నుంచి మార్చి దాకా రోజూ పొద్దున్న ఆ వాక్యం వాళ్ళ చేత నేను అప్పజెప్పించాను. ఎందుకు అప్పజెప్పించానంటే నువ్వు బట్టీ పట్టించమన్నావు. ఒప్పా తప్పా అని నేను అడిగాను, సరిగ్గా సరిపోతుందని నువ్వు రాశావు. ఆ ఇన్‌లాండు ఉత్తరం నా ట్రంకు పెట్టెలో ఉంది.

నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాలు చూసినప్పుడైనా నీకు హాస్టల్ గది గుర్తు రాలేదా? లేక గుర్తొచ్చినా రానట్టు ఊరుకున్నావా? రాలేదనే అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నిన్ను బావా అని పిలవలేను.

పరీక్షల ఆరు రోజులూ అరసవల్లిలో గది తీసుకుని ఈ పంతొమ్మిది మందినీ ఉంచాం. నీ చెల్లెలు కట్టెల పొయ్యి మీద వాళ్ళకి రెండు పూటలా వండింది. సైన్సు పేపరు రాసి వచ్చిన రోజు పిల్లలు గెంతుతూ వచ్చారు. మన పాఠమే వచ్చింది మాస్టారూ అన్నారు. దాలమ్మ మాత్రం అంట్లు తోమడానికి కూర్చుంది. మాస్టారు చెప్పింది కాకుండా రాశానని భయపడి ఉంటుంది. ఆ భయం ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

ఆ ఒక్క ప్రశ్నకి సున్నా వెయ్యి, తప్పు రాశారు, ఒప్పుకుంటాను. మిగతా పేపరుతో చాలామంది గట్టెక్కుతారు. కానీ అది కాపీ కాదు, ఒక మాస్టారు నేర్పిన తప్పు. ఆ మాట చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. రిపోర్టు వెనక్కి తీసుకుంటూ వెంటనే రాయి బావా. తప్పు నేర్పింది జగన్నాధం అనే రాయి, నీ పేరు ఎత్తక్కర్లేదు.

జగన్నాధం

*

విజయనగరం,
20-5-1968

బావా,

నువ్వు అనవసరంగా కంగారు పడుతున్నావు. రిపోర్టు నా చెయ్యి దాటిపోయింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే, ఆ పిల్లలు ఎవరో ఈయనకెలా తెలిసింది, ఈ బొమ్మ ఎవరిదో ఈయనకెలా తెలిసింది అని మొదటి ప్రశ్న నాకే వస్తుంది. పేపర్లు దిద్దేవాడు దానిగురించి బంధువులకి ఉత్తరం రాయడమే నేరం. నా తొందరపాటు. ఆ మొన్నటి ఉత్తరం చించెయ్యి.

నవంబరులో నేనేం రాశానో నాకు సరిగ్గా గుర్తు లేదు. మామూలు పరమాణువులో లోపలి ప్రోటాన్లూ బయటి ఎలక్ట్రాన్లూ సమానం కాబట్టి పిల్లలకి సులువుగా ఉంటుందని ఏదో సరదాగా రాసి ఉంటాను. దాన్ని శాసనంలా పట్టుకుంటే ఎలా? పుస్తకం చూసుకోవాల్సింది నువ్వు కదా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

విచారణ అంటూ జరిగితే అది నామమాత్రం. నాలుగు ప్రశ్నలు వేసి వదిలేస్తారు. చీఫ్ ఎగ్జామినర్ల జాబితా జూన్ ఆఖరుకి వస్తుంది. అది రానీ, తర్వాత నేనే ఎవరితోనైనా మాట్లాడి సర్దుతాను. అంతవరకు నోరు మెదపకు.

ఆ ఇన్‌లాండు మాత్రం నారాయణమ్మ ఇటు వచ్చినప్పుడు ఆమె చేతికిచ్చి పంపు. పాత ఉత్తరాలు ఇంట్లో పడి ఉండటం మంచిది కాదు.

గణపతిరావు

*

బంటుపేట,
14-6-1968

గణపతిరావు బావకి,

ఫలితాలు వచ్చాయి. పేపర్లో మా పిల్లల నంబర్లు లేవు. పంతొమ్మిది మందివీ నిలిపివేశారు. రాముడి తండ్రి అసిరయ్య నా ఇంటి ముందుకొచ్చి, “కాపీ కొట్టించడానికేటి మాస్టారూ, మా పిల్లల్ని నీ సేతిలో పెట్టినాం?” అన్నాడు. మా వీధి అరుగుల మీద కూర్చున్నవాళ్ళంతా విన్నారు. నీ చెల్లెలు తలుపు చాటున నిలబడి విన్నది.

జూలై మూడున శ్రీకాకుళంలో విచారణ. పిల్లలు తమంతట తామే కాపీ కొట్టారని తేలితే రెండేళ్ళు ఏ పరీక్షా రాయకూడదట. రెండేళ్ళు ఆగి మళ్ళీ పుస్తకం పట్టుకునే పిల్లలు మా ఊళ్ళో ఎవరున్నారు? నాగలి పట్టినవాడు మళ్ళీ కలం పట్టడు. ఇది నామమాత్రమా?

ఇన్‌లాండు నారాయణమ్మ చేతికి ఇవ్వమన్నావు. ఆమెకి నీ మాట చెప్పాను. “మా అన్నయ్య దాన్ని ఏటి సేస్తాడట?” అంది. దాచుకుంటాడేమో అన్నాను. ఆమె ట్రంకు పెట్టె తాళం తీసి తన కొంగున ముడి వేసుకుంది. విజయనగరం ఇప్పట్లో రాదు.

మూడో తారీఖున నువ్వు వచ్చి ఒక్క మాట చెప్పు. నేను నా బావమరిదికి ఇలా చెప్పమన్నాను, అది నా అజాగ్రత్త అను. నీ ఉద్యోగం పోదు, మందలిస్తారు, అంతే. జాబితాలో పేరు ఈ ఏడు కాకపోతే పై ఏడు వస్తుంది. నువ్వు రాకపోతే ఆ ఇన్‌లాండు నేనే వాళ్ళ ముందు పెట్టాల్సి వస్తుంది. బెదిరిస్తున్నాననుకోకు. ముందుగా నీకు చెప్పకుండా ఆ పని చేయడం నాకు చేతకాదు.

జగన్నాధం

*

విజయనగరం,
22-6-1968

జగన్నాధానికి,

ఉత్తరం అందింది. మూడో తారీఖున నాకు ఇక్కడ వేరే పని ఉంది, రాలేను.

ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. ఇంటర్లో నిన్ను గట్టెక్కించింది ఎవరు? జిల్లా పరిషత్ ఉద్యోగానికి నీ దరఖాస్తు పట్టుకుని తిరిగింది ఎవరు? నా చెల్లెల్ని నీకిచ్చి చేసినప్పుడు మా ఇంట్లో ఎన్ని మాటలు పడ్డానో నీకు తెలియదు. ఆమె ముఖం చూసైనా నా పేరు వీధిలోకి లాగవనుకున్నాను.

పిల్లల సంగతంటావా, వాళ్ళు పొలం పనికీ చేపల బుట్టకీ పుట్టినవాళ్ళు. ఒక ఏడు అటూ ఇటూ అయితే కొంప మునగదు. నా సర్వీసు ఇరవై ఏళ్ళది.

నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో. నా వైపు నుంచి ఏ కాగితం కావలసి వచ్చినా నియమం ప్రకారమే ఇస్తాను.

గణపతిరావు

*

బంటుపేట,
28-7-1968

శ్రీ గణపతిరావు గారికి,

విచారణ అయిపోయింది. ఏం జరిగిందో మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. జవాబు అక్కర్లేదు.

మూడో తారీఖున మీ నవంబరు ఇన్‌లాండు వాళ్ళ ముందు పెట్టాను. విజయనగరం పోస్టాఫీసు ముద్ర ఉంది, తారీఖు ఉంది. మే నెల ఉత్తరం పెట్టలేదు. దాన్ని పెడితే మీ ఉద్యోగమే పోయేది, అంత పని నేను చేయలేకపోయాను. విచారణ చేసే ఆయన ఇన్‌లాండు చదివి, ఇది నిజమైతే పిల్లల తప్పేమీ లేదన్నాడు. సరిచూసుకోవడానికి మీకే పంపిస్తానన్నాడు. ఆ మాటతో నేను ఇంటికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాను. పంపితే మీరు ఏం చేయగలరు, మీ చేతిరాత మీది కాదనలేరు కదా అని నారాయణమ్మతో అన్నాను.

ఇరవయ్యో తారీఖున మళ్ళీ పిలిచాడు. మీ జవాబు బల్ల మీద ఉంది. “ఈ ఉత్తరము నేను వ్రాసినది కాదు. చేతివ్రాత నాది కాదు. బంధుత్వమును ఆసరాగా తీసుకొని సృష్టించినదని భావించుచున్నాను.” కింద మీ సంతకం, మీ స్కూలు ముద్ర. ఆ మాటలన్నీ మీ స్వహస్తంతోనే రాశారు. టైపు కొట్టించాలన్న ఆలోచన కూడా రాలేదు మీకు, అంత ధీమా. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడమన్నాను. ఎడమ పక్కకి వాలే ఆ అక్షరాలు బడిపిల్లాడైనా గుర్తుపడతాడు. ఆయన కళ్ళజోడు పైకి తోసి రెండూ చూశాడు. “అవునయ్యా, ఒకేలా ఉన్నాయి. కానీ స్కూలు ముద్ర ఒక దాని మీదే ఉంది” అన్నాడు.

చీటీ రాసిచ్చేవాడు తప్పు జవాబు రాసిస్తాడా అండీ అని అడిగాను. నువ్వు సైన్సు మాస్టారివి కాదు కదా అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

తర్వాత తలుపు వేయించి చెప్పాడు. పిల్లలే చేశారంటే రెండేళ్ళు పోతాయి. మాస్టారే చీటీలిచ్చాడంటే నేరం మాస్టారిది, పిల్లలకి సెప్టెంబరులో మళ్ళీ అవకాశం ఇస్తారు. ఆలోచించుకోమని ఒక పూట ఇచ్చాడు, నాకు అంతసేపు పట్టలేదు. సైన్సు పరీక్షకి ముందు పంతొమ్మిది మందికీ చీటీలు నేనే ఇచ్చానని రాసి సంతకం చేశాను. ఉద్యోగం పోయింది. రాజాంలో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరుతున్నాను. నేను చెప్పిన తప్పుకి శిక్ష పడితే తలొంచుకుని పడి ఉండేవాణ్ణి. చేయని పనికి సంతకం చేశాను, అది నాకు మింగుడు పడడం లేదు. మీ మీద నాకు కోపం ఉంది. అది పోతుందని మీరు ఎదురు చూడొద్దు.

వెళ్ళేలోగా అసిరయ్య పంచలో పిల్లలకి ఆ పాఠం మళ్ళీ చెప్పాను. నడుమ ఉన్నది ఒక్కటి కాదు, లోపల ప్రోటాన్లుంటాయి, వాటినే లెక్కపెట్టాలి, బయటివి ఎన్ని పోయినా వచ్చినా నంబరు కదలదు అని చెప్పాను. “అయితే మీరు ముందర సెప్పింది అబద్దమేటి మాస్టారూ?” అన్నాడు రాముడు. అవునన్నాను. పద్దెనిమిది మందీ సెప్టెంబరులో రాస్తారు.

దాలమ్మ ఆ పంచకి రాలేదు. నిన్న పాలెం వెళ్ళాను. నూకయ్య వల బాగు చేసుకుంటున్నాడు. “నా పిల్ల కాపీ కొట్టనేదు బాబూ. మల్లీ పరీచ్చకెల్తే కొట్టినట్టు ఒప్పుకున్నట్టే గదా. నానంపను” అన్నాడు. ఆయన్ని ఒప్పించడానికి చాలాసేపు చూశాను. దాలమ్మ తల్లితో కలిసి బుట్టలోకి చేపలు సర్దుతోంది. నీ జవాబు ఒప్పమ్మా, అంతమందిలో నువ్వొక్కదానివే ఒప్పు రాశావు, పూర్తి మార్కులు కూడా పడ్డాయి, సెప్టెంబరులో వెళ్ళి మళ్ళీ రాయి అన్నాను.

ఆ పిల్ల చేతులు కడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది. “నాను ఒప్పే రాసినానన్నారు గదా మాస్టారూ. మరి మల్లీ రాయమంటే ఏటి రాయమంటారు?” అని అడిగింది.

ఈసారి కూర్చోమనలేదు. దాలమ్మ బుట్ట నెత్తికెత్తుకుని తల్లి వెనక శ్రీకాకుళం బజారుకి వెళ్ళిపోయింది.

ఈ ఉత్తరం నారాయణమ్మ చదివింది. అన్నయ్యకి ఏమైనా రాస్తావా అని కలం ఇవ్వబోయాను. అక్కర్లేదంది.

జగన్నాధం